నీళ్లలో ముంచిన పడవ

మాచర్ల దగ్గర, కృష్ణ ఒడ్డు

అక్కకి నీ తమ్ముడు మస్తాను సలాములు. నేను బాగానే ఉన్నా, జొరం గిరం ఏం లేదు, దిగులు పడమాక. అమ్మా, నువ్వూ, బావా కులాసాగా ఉన్నారనుకుంటా. బావ మోకాలి నొప్పి ఎట్టుందో రాయించు.

ఎండ మన వినుకొండ ఎండే, కాకపోతే సాయంత్రం ఏటి గాలి తగులుద్ది. రోజూ అన్నం, చేపల పులుసు. జొన్నరొట్టె కోసం నాలిక పీకుతంది. ఎవరన్నా ఇటొస్తే పండుమిరప పచ్చడి పంపు. ఒక్కణ్ణే తినేటప్పుడు ఏడుపొస్తది. అయినా బాగానే ఉన్నాలే.

నేనుండేది రేవు నడిపే కోటయ్య తాత ఇంట్లో. ఆయన పడవ పుచ్చిపోయింది. కొత్తది కట్టమని ఉన్న చెక్కంతా నా ముందేసి, "నాకు చూపానదు. నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు. బావ వడ్రంగి కొట్టంలో పీట కూడా కుదరక తిట్లు తిన్నోణ్ణి, నాకు పడవేందే! ఇది చెడితే మళ్లీ చెక్క కొనే తాహతు ఆయనకి లేదు. ఆ ఇంటి కూడే పోద్ది.

పలక వంచడానికి కింద సన్నమంట, పైన తడి గోనె. అంత లావు పలక మెల్లంగా వంగతంటే నోరు తెరుచుకుని చూశా. మేకులు కొట్టి, సందుల్లో నూలు కూరి, గుగ్గిలం కాచి పూశా.

ఏట్లోకి తోశామో లేదో, సందుసందునా నీళ్లు! నా పై ప్రాణాలు పైనే పోయినయ్. "లాగు తాతా, లాగు!" అని అరిచా. ఆయన, "మునగనీరా ఎర్రోడా" అని, నా చేతే రాళ్లేయించి ముంచాడు. వదులైన బండిచక్రాన్ని మనం నీళ్లలో నానెయ్యమా అక్కా? తెలిసి కూడా నా బుర్రకి తట్టలా. మూడు రోజులు ముద్ద దిగలా.

నాలుగోరోజు తేల్చి నీళ్లు తోడేశాం. చెక్క ఉబ్బి సందులన్నీ పూడుకుపోయినయ్. తాత లోపలంతా చేత్తో తడిమి చూశాడు, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "చేసినోడే ముందెక్కాలి, ఇక్కడి పద్ధతి" అన్నాడు. నాకు ఈత రాదని నీకు తెలుసుగా. అయినా ఎక్కా. వేలెడు మందం చెక్క, దాని కింద అంత కృష్ణ! చుక్క రాలేదక్కా, అల్లా సాక్షి.

తెల్లారి జనం ఎక్కారు. ఎవరు చేశారని ఒక్కరూ అడగలా. ఒకామె నెలల బిడ్డతో ఎక్కి, నింపాదిగా కూచుని పాలివ్వడం మొదలెట్టింది.

అమ్మకీ బావకీ నా సలాములు చెప్పు. నా కోసం దువా చేసేటప్పుడు ఆ పడవెక్కేవాళ్లని కూడా కలుపుకోమని అమ్మకి చెప్పు.

నీ తమ్ముడు,
మస్తాను