వికారాబాదులో అడిగిన ప్రశ్న

తాండూరు,
12 ఫిబ్రవరి 2025

ప్రియమైన వైశాలికి,

తరన్నుమ్ సలాములు. బెంగళూరులో నువ్వు ఆరోగ్యంగా ఉన్నావనుకుంటాను. ఇక్కడ మేము బాగున్నాం. అమ్మీ కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. నీ పాత నంబరు మోగడం లేదు, అందుకే మీ సంస్థ చిరునామాకు రాస్తున్నాను.

శనివారం వికారాబాద్ కాలేజీలో నీ ఉపన్యాసానికి నేనూ వచ్చాను. మా బడి పిల్లల్ని రైల్లో తీసుకొచ్చి చివరి వరుసలో కూర్చున్నాను. నువ్వు ‘కరోనా’ అనగానే పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నువ్వూ నవ్వేశావు. ఆ జబ్బు కాదు, సూర్యుని చుట్టూ ఉండే పలుచని వాతావరణం పేరది అన్నావు. సూర్యుని ఉపరితలం వేల డిగ్రీల్లోనే ఉంటే, దానికి పైనున్న ప్లాస్మా అనే విద్యుదావేశపు వాయువు లక్షల డిగ్రీల్లో కాగుతోందనీ, సూర్యుని లాంటి నక్షత్రాలన్నింటిలో ఇదే వింత అనీ చెప్పావు. కింద మరిగే పొరలు అయస్కాంత రేఖలను కుదిపితే, ఆ కుదుపు తరంగాలై పైకి పోతుందన్నావు.

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో హైదరాబాదు పాసింజర్లో మనం మాట్లాడుకున్నది ఇదే కదా! కలిసి పరిశోధనకు పోదామనుకున్నాం. అమ్మీకి పక్షవాతం వచ్చి నేను ఆగిపోయాను. “నువ్వు లేకుంట నేనొక్కదాన్నే ఎట్ల పోవాలె?” అని స్టేషన్లో ఏడ్చావు. చివరికి ఒక్కదానివే వెళ్లావు. ఆ తర్వాత నేనెన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తలేదు.

చివర్లో ప్రశ్నలు అడగమన్నావు. జలుబుతో నా గొంతు పోయింది, ముఖానికి మాస్కు. లేచి, “తరంగం పైకి చేరితేనే సరిపోదు గద మేడం, అది వేడిగ ఎట్ల మారుతది?” అన్నాను. నువ్వు గుర్తుపట్టలేదు. కానీ స్టేజీ దిగి నా వరుస దాకా వచ్చావు.

“పక్కపక్క రేఖల మీద పోయే తరంగాల వేగం ఒక్కతీరుగ ఉండదమ్మా. పోను పోను జత తప్పుతయి, ఒకదానికొకటి ఒరుసుకుంటయి, చిన్న చిన్న సుడులైతయి. ఆఖరుకు గా శక్తే వేడి అయితది. గిదొక్కటే కారణమా అన్నది ఇంక తేలలేదు” అన్నావు.

ఇన్నేళ్లు బెంగళూరులో ఉన్నా నీ యాస మారలేదు వైశూ. పిల్లల రైలుకు వేళైంది. నీ చుట్టూ జనం మూగారు. నేనెవరో చెప్పకుండానే వచ్చేశాను.

నీ పిలుపు కోసం చూసే
తరన్నుమ్

తా.క.: ఆ ప్రశ్నకు జవాబు నాకు ముందే తెలుసు. నీ వ్యాసాలు ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. ఒక్కసారి నువ్వు నాతో మాట్లాడాలనే అడిగాను.