వావిలాకు నీళ్లు

మాచర్ల,
28 నవంబరు 1946

ప్రియమైన వదినకు,

ముక్కు మూసుకుపోయిన నీ ఆడబిడ్డ నమస్కరించి రాస్తున్నది. ఇదే మాట నోటితో చెబితే "దబస్కారం" అని వినపడుతుంది, అందుకని ఉత్తరమే నయం.

నవ్వకు. ఈ ఊరి చలీ, రాతి గనుల దుమ్మూ కలిసి నా ముక్కు మీద పగబట్టాయి. ఒకటో తరగతి పిల్లలకు బోర్డు మీద "అమ్మ" అని రాసి చదివితే నా నోట "అబ్బ" అని వస్తోంది. పిల్లలంతా ఒక్క గొంతుతో "అబ్బ!" అని అరుస్తున్నారు. నిన్న మహమూదా అనే పిల్ల లేచి, "టీచరమ్మా, అబ్బా అంటే మా నాయన గదా? అమ్మ బొమ్మ ఏసి అబ్బా అంటారేంది?" అని నిలదీసింది.

వచ్చే నెల నడుమ ఇన్‌స్పెక్టరమ్మ వస్తుందట. పిల్లల చేత చదివించి చూసి, నన్ను ఉంచాలో ఇంటికి పంపాలో ఆవిడే తేలుస్తుంది. ఆడపిల్లకు ఉద్యోగమేమిటన్న వాళ్లందరితో అన్నయ్య నా కోసం పోట్లాడాడు. జూన్‌లో వెళ్లినది డిసెంబరులో తిరిగొస్తే ఆయన తలెత్తుకోగలడా? జ్వరమొచ్చి దసరాకైనా రాలేకపోయాను, లేకపోతే అమ్మ అప్పుడే ఏదో ఒకటి చేసేది. చిన్నప్పుడు జలుబు చేస్తే ఏదో ఆకు నీళ్లు కాచి పోసేది. అదేమిటో అడిగి వెంటనే రాయి.

నీ ఆడబిడ్డ,
సుశీల


రొంపిచెర్ల,
2 డిసెంబరు

ప్రియమైన మా పంతులమ్మకు,

నీ జాబు చదివి నవ్వకుండా ఉండడం నా వల్ల కాలేదు. మీ అన్నయ్యకు వినిపించడమే పొరపాటు. పొద్దుటి నుంచి నన్ను "బాడిక్యం" అని పిలుస్తున్నారు.

అది వావిలాకు. గాజుల సుభానీ అన్న మాచర్ల సంతకు వస్తుంటే ఒక మూట పంపుతున్నాను. రెండు పిడికిళ్ల ఆకు నలిపి కాగులో వేసి, నీళ్లు రంగు మారేదాకా మూతపెట్టి మరిగించు. కాగు దించి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టు. మొహం మరీ దగ్గర పెట్టి కాల్చుకోకు. ఆ నీళ్లలోనే చన్నీళ్లు కలుపుకుని స్నానం చెయ్యి. తల బాగా తుడుచుకుని సాంబ్రాణి పొగ వేసుకో. చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కట్టుకో. పగలు వేయించిన వాము గుడ్డలో మూటకట్టి వాసన చూస్తూ ఉండు.

ఆకు కోసం నువ్వు వెతుక్కోనక్కరలేదు. అత్తయ్య దసరా నుంచీ కట్టలు కట్టి నీడన ఆరబెడుతూనే ఉంది. ఇంత ఎందుకని మాత్రం అడక్కు. నేనే వచ్చి నీకు నీళ్లు పోసేదాన్ని గాని, అత్తయ్య నన్ను గడప దాటనివ్వడం లేదు. చలట!

నీ వదిన,
మాణిక్యం


మాచర్ల,
8 డిసెంబరు

ప్రియమైన వదినా,

కొంప మునిగింది!

ముందు మంచి మాట. మూడు స్నానాలకే ఒక ముక్కు తెరుచుకుంది. నేనుంటున్న ఇంటావిడ ఖాతూన్ బీ కాగు ఇచ్చి, పొయ్యి దగ్గర తానే కూర్చుంటోంది. వావిలాకు వాసన, సాంబ్రాణి పొగ వీధంతా వ్యాపించాయి. నేనేమో తలకు గుడ్డ చుట్టుకుని వాకిట్లో ఎండకు కూర్చున్నాను. పక్కింటి రోశమ్మత్త గోడ మీంచి తొంగిచూసి, "పురుడెవరికి తల్లీ?" అంది.

ఈ మూడూ ఒకచోట కనపడితే ఎవరికైనా బాలింతే గుర్తొస్తుందని నాకు తట్టనేలేదు. "ఎవరికీ లేదత్తా, నాకే..." అన్నాను. "జలుబు" అనేలోగా తుమ్ము వచ్చింది. తుమ్మి చూసేసరికి ఆవిడ లేదు. మళ్లీ వచ్చినప్పుడు చేతిలో జాడీ ఉంది. నిండా శొంఠీ బెల్లమూ నెయ్యీ వేసి చేసిన కాయం, బాలింతలు తినేది! "చానా చిక్కిపోయినావు, తిను. బిడ్డ ఏదమ్మా?" అంటుంది.

మాట బడిదాకా పోయింది. హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్య గారు నా మొహం చూడలేక కిటికీ వైపు తిరిగి, "అమ్మాయ్, సెలవు కావాలంటే ముందే అడగాల్సింది" అన్నారు. పెళ్లికాని పిల్లను, వదినా! ఏడుపొచ్చింది. మరుక్షణమే నవ్వూ వచ్చింది. స్నానం మానేస్తే ముక్కు మూసుకుంటుంది, మానకపోతే నోళ్లు తెరుచుకుంటాయి. ఏం చెయ్యమంటావు? తిరుగు టపాలో రాయి.

సుశీల


మాచర్ల,
17 డిసెంబరు

ప్రియమైన వదినకు,

ఒక్క ముక్కయినా రాయలేదు. నాకు కోపంగా ఉంది. అయినా ఈ సంగతి నీకు కాక ఎవరికి చెప్పను?

నేను రెండు రోజులు తలుపేసుకుని కూర్చుంటే ఖాతూన్ బీకి ఒళ్లు మండింది. కాగు తెచ్చి వీధి నడుమ పెట్టింది. "ముక్కు మూసుకున్నోళ్లంతా రాండి! ఆవిరి పట్టండి! ఎవురికి బిడ్డ పుడతదో నేనూ చూస్తా!" అని కేక పెట్టింది. మొదట నవ్వులు, తర్వాత ఒక్కొక్కరే దుప్పట్లు తెచ్చుకున్నారు. రోశమ్మత్త మొగుడు కూడా కూర్చుని గట్టిగా చీది, "అబ్బ, పానం లేచొచ్చిందే!" అన్నాడు. సాయంత్రానికి హెడ్మాస్టరు గారి ఇంటి నుంచి ఆకు కోసం కబురొచ్చింది.

నిన్న ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. బోర్డు మీద "అమ్మ" రాశాను. నోరు తెరిచాను. వదినా, "అమ్మ" అనే వచ్చింది! పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా "అమ్మ!" అన్నారు. మహమూదా ఊరుకోక, "అబ్బా ఇంటికాడ ఉన్నాడు!" అని కూడా చెప్పింది. ఇన్‌స్పెక్టరమ్మ పడీ పడీ నవ్వింది. పోతూ పోతూ, "నీ పోస్టు ఖాయం" అంది. నాకు గంతులేయాలనిపించింది, మర్యాదకు ఆగాను.

రోశమ్మత్త లెంపలేసుకుంది గాని, ఇచ్చిన కాయం వెనక్కి పుచ్చుకోనంటోంది. నేను తింటే వీధిలో మళ్లీ మొదలు. అందుకని సుభానీ అన్నతో జాడీ నీకే పంపుతున్నాను. ఏం చేసుకుంటావో చేసుకో.

అలిగిన నీ ఆడబిడ్డ,
సుశీల


రొంపిచెర్ల,
24 డిసెంబరు

ప్రియమైన సుశీలకు,

తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, అత్తయ్య చూడకుండా ఇది రాస్తున్నాను. నాకు జలుబు కాదే.

నీ "కొంప మునిగింది" జాబు అందిన పొద్దునే నాకు నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి నీకు మేనకోడలు పుట్టింది. పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చిందంటే, బయట ఉన్న మీ అన్నయ్య కూడా ఏడ్చేశారు. అమ్మ లేని నాకు అత్తయ్యే పురుడు పోసింది.

ముందే చెప్పలేదని అలగకు. రెండుసార్లు నా ఒడి నిండినట్టే నిండి ఖాళీ అయింది. రెండుసార్లూ ఊరంతా తెలిసింది, ఊరంతా ఓదార్చింది. ఆ ఓదార్పు నేను మళ్లీ భరించలేననిపించింది. బిడ్డ ఏడుపు వినేదాకా ఎవరికీ చెప్పకూడదని అత్తయ్యా నేనూ అనుకున్నాం. దసరా నుంచీ ఆరబెట్టిన ఆ ఆకు నా కోసమే. అందులో సగం నీకు పంపాను. మీ వీధివాళ్లను తిట్టకు, వాళ్లు పట్టిన వాసన బాలింత ఆకుదే. వాళ్లు ఊరొక్కటే తప్పు చెప్పారు.

జాడీ చూసి అత్తయ్యా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. రోజూ పొద్దున్నే ఉండ చేసుకుని తింటున్నాను. రోశమ్మత్త చేతికి నా దండాలు చెప్పు. నీకు ఖాయం, నాకు కాయం!

దీనికి అక్షరాలు నువ్వే దిద్దించాలి. చలికాలంలో మాత్రం మొదలుపెట్టకు. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట అది. నన్ను "అబ్బ" అని పిలిచిందంటే నీతో మాట్లాడను.

నీ వదిన,
మాణిక్యం
(మీ అన్నయ్యకు ఇంకా బాడిక్యమే)