లైను కట్ అయ్యాక పందొమ్మిది సెకన్లు

సంచాలకులు గారికి,
అత్యవసర ఫోన్ కేంద్రం.

పంపుకొన్నవారు: నాలుగో సీటు ఆపరేటరు, పగటి షిఫ్టు, సర్వీసు పదహారేళ్లు.

విషయం: ఆకతాయి కాల్స్‌గా నేను నమోదు చేసిన మూడు కాల్స్ రికార్డింగును చెరిపివేయకుండా నిలిపి, ఫోన్ చేసిన వ్యక్తి అక్కగారికి వినిపించుటకు అనుమతి కోరుతూ.

అయ్యా,

ఈ అర్జీలో ఫిర్యాదు నా మీదనే. అందుచేత ఫిర్యాదుల విభాగానికి కాక నేరుగా తమకు పంపుకొంటున్నాను. మన రికార్డింగులు తొంభై రోజులకు వాటంతట అవే చెరిగిపోవునని తమకు తెలిసినదే. ఈ రోజు ఎనభై ఆరో రోజు. కావున జరిగినది జరిగిన వరుసలో మనవి చేస్తున్నాను.

1. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల నలభై ఒక్క నిమిషాలకు నా సీటుకు ఒక కాల్ వచ్చినది. నిబంధన ప్రకారం "అత్యవసర కేంద్రం, చెప్పండి" అని మూడుసార్లు అన్నాను. అవతల మాట లేదు. ఊపిరి పీల్చిన శబ్దం, బల్ల మీద వేళ్లతో కొట్టిన చప్పుడు వినిపించాయి. చప్పుడు రెండు, ఆగి ఒకటి. పన్నెండు సెకన్లు కాగానే కట్ చేశాను. రెండు నలభై రెండుకు అదే నంబరు, అదే ఊపిరి, అదే చప్పుడు. రెండు నలభై నాలుగుకు మూడోసారి. ఈసారి "బాబూ, ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చినవాళ్లు ఫోన్ చేస్తారు, ఆటలు ఇంకెక్కడైనా ఆడుకో" అన్నాను. ఈ వాక్యం నిబంధనలలో లేదు, నా సొంతం. కట్ చేసి ఏడో మీట నొక్కాను. ఏడో మీట నొక్కిన నంబరు నుంచి ఇరవై నాలుగు గంటలు మనకు కాల్ రాదు. రిజిస్టరులో కారణం గడిలో "ఎవరూ మాట్లాడలేదు. బల్ల మీద దరువు వేస్తూ ఆటపట్టించారు" అని రాశాను.

మూడో సీటు ఆమె ఏమైందని అడిగితే చెప్పాను. ఆమె ఆ నంబరుకు ఊపిరాయన అని పేరు పెట్టినది. వారం రోజుల పాటు నేను సీట్లో కూర్చోగానే మీ ఊపిరాయన కుశలమేనా అని అందరూ అడిగేవారు. నేనూ నవ్వాను.

2. ఫోన్ చేసినది తాళాలు బాగుచేసే పని చేసే వ్యక్తి. వయసు ముప్పై నాలుగు. తల్లి వంటింట్లో పడిపోయినది. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది వారిద్దరే. నాలుగోసారి ఫోన్ చేస్తే మోగలేదు. అతను రోడ్డు మీదికి పరుగెత్తి, ఒక కూరగాయల వ్యానుకు అడ్డంగా నిలబడి ఆపాడు. మూడు ఇరవైకి ఆసుపత్రికి చేర్చారు. తెచ్చేసరికే ప్రాణం లేదని వైద్యులు రాశారు. మన బండి వెళ్లి ఉంటే ఆమె బతికేదా అన్నది నాకు తెలియదు. వైద్యులూ చెప్పలేదు. తెలియనిది నేను రాయను.

ఆ మూడు కాల్స్ ఏమైనవని అతని అక్క మన కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకొన్నది. పై వివరాలన్నీ ఆ దరఖాస్తులోనివే. నా రిజిస్టరు చూసి జవాబు ఇచ్చారు: "మూడు కాల్స్‌లోనూ ఎవరూ మాట్లాడలేదు. బల్లపై దరువు వినిపించినది. ఆకతాయి కాల్స్‌గా నమోదైనవి." కింద ముద్ర, సంతకం. నన్ను ఎవరూ పిలిచి అడగలేదు. దరఖాస్తు సంగతి అప్పటికి నాకు తెలియదు.

3. మా చెల్లెలి కూతురికి ఐదేళ్లు. ఈ మధ్య మాట మొదట్లో అక్షరం పట్టుకొని రెండు మూడుసార్లు తిప్పుతున్నది. చెల్లెలికి సెలవు దొరకనందున ఆసుపత్రిలోని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి ప్రతి మంగళవారం నేనే తీసుకువెళ్తున్నాను. పిల్లలకు ఇది చాలా వరకు సర్దుకొంటుందని, అయినా చూస్తూ ఉండాలని ఆమె చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు పాప మాట అందుకొని పూర్తి చేయరాదు, నెమ్మదిగా చెప్పు అని కూడా అనరాదు, ఊరికే వినాలి అన్నారు. పాప వెంటనే నన్ను చూపించి, "ఈ పె-పె-పెద్దమ్మే మధ్యలో వస్తుంది" అన్నది. థెరపిస్టు నవ్వారు. పదహారేళ్లుగా నా ఉద్యోగం త్వరగా చెప్పండి అనడం. ఇంట్లో కూడా అదే అంటున్నానని నాకు తెలియలేదు.

రెండో మంగళవారం బయట హాల్లో కూర్చొని ఉండగా చప్పుడు వినిపించినది. చెక్క కుర్చీ చేతి మీద వేళ్లతో రెండు, ఆగి ఒకటి. నా పని చెవులతో. నేను తల తిప్పకుండానే గుర్తుపట్టాను. రెండు కుర్చీల అవతల ఒక మనిషి, పక్కన నా వయసు ఆడమనిషి ఉన్నారు. ఆమె చేతిలో మన ముద్ర ఉన్న కాగితం మడతలు పడి ఉన్నది.

థెరపిస్టు గది నుంచి బయటికి రాగానే ఆమె లేచి కాగితం విప్పింది. గొంతు పెంచలేదు.

"అమ్మా, ఏడాది నుంచి మీరు నేర్పిన ఊపిరి కసరత్తులన్నీ దేనికి? మూడుసార్లు ఫోన్ చేసి ఒక్క ముక్క మాట్లాడలేదంట. మాట రాకపోతే రాకపోయె, ప్రయత్నమైనా చెయ్యొద్దా? దరువేస్తూ కూర్చున్నాడంట."

"అది దరువు కాదక్కా. మాట గొంతులో పట్టేస్తే దాన్ని బయటికి తోయడానికి వాళ్లు ఏదో ఒకటి చేస్తారు. కొందరు కళ్లు మూసుకుంటారు, కొందరు కాలితో తంతారు. ఇతను వేళ్లతో కొడతాడు."

"మరి ఫోనెత్తినావిడ అబద్ధం ఎందుకు రాస్తుంది? ఆవిడకి మేమెవరం?"

తమ్ముడు నేల చూస్తూ నిలబడ్డాడు. అతన్ని లోపలికి పంపి థెరపిస్టు ఆమెతో మెల్లగా ఒక మాట అన్నారు. నాకు వినపడినది. "మొన్నటిదాకా వంద మాటల్లో పదకొండు చోట్ల ఆగేవాడు. ఇప్పుడు ఆగట్లేదు. ఎందుకంటే మొదలే పెట్టట్లేదు."

అప్పుడు నేను లేచి ఆ రాసినది నేనే అని చెప్పవలసినది. చెప్పలేదు. అతను తిరిగి వచ్చి కూర్చొన్నాక పాప ఏదో అడగబోయింది. "చెప్పమ్మా" అన్నాను. కుర్చీ మీద చప్పుడు ఆగిపోయినది. అతను నా వైపు చూశాడు. నా గొంతు గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆ హాల్లో నేను నోరు విప్పడం లేదు. పాపకు ఏదైనా కావాలంటే సైగ చేస్తున్నాను.

4. నత్తిని ఎలా కొలుస్తారని థెరపిస్టును అడిగాను. పాప కోసమనే అనుకొని ఆమె ఓపికగా చెప్పారు. ఒక పేరా చదివిస్తారు, కాసేపు మాట్లాడిస్తారు, వందకు ఎన్నిచోట్ల ఆగారో లెక్క వేస్తారు, అన్నిటికంటే పొడుగ్గా ఆగిన మూడింటిని స్టాప్‌వాచితో చూస్తారు. మాట కష్టమనిపిస్తే చాలామంది ఇంకో మాటకు మారిపోతారట. పేరుకూ ఇంటి నంబరుకూ బదులు మాట ఉండదు గనుక అక్కడే ఎక్కువ పడతారట. మొహం కనపడదు గనుక ఫోన్ ఇంకా కష్టమట.

మాట వినపడని కాల్‌కు మేము పన్నెండు సెకన్లు ఆగుతామని చెప్పాను. ఆమె స్టాప్‌వాచి బల్ల మీద పెట్టి నొక్కారు. ఇద్దరం ఊరుకొన్నాం.

"ఎలా ఉంది?" అన్నారు పన్నెండు కాగానే.

"పొడుగ్గా ఉంది."

"వినేవాళ్లకి అంతే. అవతల గొంతు పట్టేసిన మనిషికి ఇది చాలదు."

5. తరువాతి రోజు డ్యూటీ అయ్యాక రికార్డింగు గదికి వెళ్లి ఆ మూడు కాల్స్ విన్నాను. అనుమతి తీసుకోలేదు. ఇది నిబంధన తప్పడమే.

ఎవరూ మాట్లాడలేదన్న నా రాత మొదటి రెండు కాల్స్‌కు కూడా తప్పేనని చెప్పగలను. ఊపిరి లోపలికి పోతున్నది, గొంతు మూసుకొంటున్నది, వేళ్లు కొడుతున్నవి. హెడ్‌ఫోన్లో శబ్దం పెంచితే ఎవరికైనా తెలుస్తుంది. మూడో కాల్‌లో తొమ్మిదో సెకనుకు "అ" అన్న అక్షరం మొదలైనది. దాని మీదనే నా వాక్యం పడినది. తర్వాత కట్.

కట్ చేసిన తర్వాత కూడా, అవతలివారు ఫోన్ పెట్టేదాకా, మన యంత్రం రికార్డు చేస్తూనే ఉంటుంది. దానిని ఎవరూ వినరు. రిజిస్టరులో దానికి గడి కూడా లేదు. ఆ కాల్‌లో అది పందొమ్మిది సెకన్లు. కట్ అయిన టోన్ వినిపిస్తున్నది. దాని వెనక అతను మాట్లాడాడు. "అమ్మ పడిపోయింది. వంటింట్లో. ఊపిరి ఆడట్లేదు. తొందరగా రండక్కా." తర్వాత ఇంటి చిరునామా మొత్తం, గుర్తులతో సహా చెప్పాడు. ఎక్కడా ఆగలేదు. ఒక్క అక్షరం పట్టుకోలేదు.

నన్ను అక్కా అన్నాడు.

ఇది నేను ఆరుసార్లు విన్నాను. ఇప్పుడు వినకపోయినా వినిపిస్తున్నది. డ్యూటీలో ఎవరు ఊపిరి పీల్చినా వెనక ఆ టోన్ వస్తున్నది. హెడ్‌ఫోన్ మార్పించాను. ఉపయోగం లేదు.

6. నేను షిఫ్టు పెద్దాయనకు చెప్పాను. ఆయన మంచి మనిషి. కుర్చీ చూపించి కూర్చోబెట్టారు.

"రూలు ప్రకారమే చేశావు. ఇంకొన్నాళ్లయితే రికార్డూ పోతుంది, నువ్వూ మర్చిపోతావు. ఎందుకమ్మా తలకెత్తుకుంటావు?"

"దరువు అని రాయమని రూల్లో లేదు సార్."

"సర్లే, రాసేశావుగా. ఇప్పుడు దాన్ని తీస్తే ఆవిడ మన మీదికే వస్తుంది."

ఆమె మన మీదికి రాదని నేను చెప్పలేను. రావచ్చును. అది ఆమె హక్కు. ప్రస్తుతం ఆమె వస్తున్నది తమ్ముడి మీదికి. ఒకే ఇంట్లో ఉండి నెలన్నర నుంచి అతనితో మాట్లాడడం లేదని ఆమే హాల్లో పక్కవారితో అన్నది. అతను ఎలాగూ మాట్లాడడం లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరి గొంతూ లేదు. దానికి కారణమైన కాగితం మీద ఉన్నది నా వాక్యం.

7. రికార్డింగును ఊరికే పంపితే కీడు జరగవచ్చునని కూడా మనవి చేయాలి. పోయిన మంగళవారం థెరపిస్టుకు సంగతంతా చెప్పాను. ఆమె చెప్పినది ఇది. ఎవరూ వినడం లేదని తెలిస్తే నత్తి ఉన్నవారిలో చాలామందికి మాట ధారగా వస్తుందట. ఒంటరిగా ఉన్నప్పుడు, పిల్లితో మాట్లాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు పట్టదట. ఇది తెలియని ఇంటివారు అప్పుడు వచ్చిన మాట ఇప్పుడెందుకు రాదు, నటిస్తున్నావా అంటారట. కావున అక్క వినేటప్పుడు తాను పక్కన ఉండి చెప్పాలన్నారు. తమ్ముడిని ముందుగా అడగాలని, అతను వద్దంటే వద్దేనని కూడా అన్నారు. అడిగారు. అతను కాగితం మీద "అక్క వినాలి" అని రాసి ఇచ్చాడు. ఆ కాగితం జతపరుస్తున్నాను.

కాబట్టి నేను కోరుకొనేది ఇది. ఆ రికార్డింగు చెరిగిపోకుండా తమ సంతకంతో నిలపాలి. థెరపిస్టు సమక్షంలో అక్కగారికి వినిపించడానికి అనుమతి ఇవ్వాలి. రిజిస్టరులో నా వాక్యం కొట్టివేసి, "ఫోన్ చేసిన వ్యక్తి మాట్లాడడానికి ప్రయత్నించాడు. ఆపరేటరు ఆగలేదు" అని రాయించి, అదే ముద్రతో ఆమెకు కొత్త జవాబు పంపాలి. ఊపిరి వినిపిస్తున్న ఏ కాల్‌కూ ఏడో మీట వాడరాదని ఉత్తర్వు ఇవ్వాలి. నా మీద ఏ చర్య తీసుకొన్నా దాని కోసం ఇవి ఆగరాదు. దానికి తొందర లేదు, తొంభై రోజుల గడువు దానికి లేదు.

నేను చెవితో విన్నవి, చేతితో రాసినవి మాత్రమే పైన ఉన్నవి. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నాలుగో సీటు ఆపరేటరు

జతపరచినవి: రిజిస్టరు పేజీ నకలు, కార్యాలయం జవాబు నకలు, తమ్ముడు రాసి ఇచ్చిన కాగితం.

తా.క.: సార్, ఈ అర్జీ తమ బల్ల మీదికి వచ్చేసరికి నాలుగు రోజులు దాటిపోతాయేమోనని భయంగా ఉంది. అందుకని నిన్న ఆ మూడో కాల్ నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను. దొంగతనమే, కాదనను. తొంభయ్యో రోజు శుక్రవారం. ఆ పొద్దుటిదాకా చూస్తాను. ఉత్తర్వు రాకపోతే థెరపిస్టు గారూ నేనూ ఆవిడ ఇంటికి వెళ్తాం. చిరునామా కోసం ఫైలు తెరవమని ఎవరినీ అడగను. అతను చెప్పాడు. నాకు కంఠతా వచ్చు.