జెంటూ అంటే

ఆదివారం, ప్రోతరాపూర్

కోపం ఇంకా తగ్గలేదు. చర్చిలో తెలుగు ఆరాధన ఆపేసి హిందీ, ఇంగ్లీషు మాత్రమే ఉంచాలని కొత్త సెక్రటరీ పట్టుబట్టాడు. ఈ దీవిలో ఇన్నేళ్ళుగా కీర్తనలు ఎత్తుకునే నాన్న లేచి, "మా బాసలో పాడుకోనీండి బాబూ" అన్నారు. వాడు నవ్వి, "మీ భాషని ఇంగ్లీషువాళ్ళు జెంటూ అనేవారు, మాలూమ్ హై?" అన్నాడు. నాన్న ముఖం వెలిగిపోయింది.

అర్థం మాత్రం బయటికొచ్చాక సెక్రటరీ నాకు చెప్పాడు. అది పోర్చుగీసువాళ్ళ దగ్గర తీసుకున్న మాటట. అన్యుడు, నిజ దేవుణ్ణి ఎరగనివాడు అని అర్థమట. మొదట హిందువులందరినీ అలా పిలిచి, తర్వాత మద్రాసు వైపు తెలుగువాళ్ళకీ, తెలుగుకీ అంటగట్టారట.

"అన్యుల భాషలో ప్రార్థన దేనికమ్మా?" అన్నాడు.

"దొరలే వదిలేసిన మాటని మీరెందుకు తవ్వి తెస్తున్నారు? సిగ్గు లేదా?" అన్నాను.

ఈలోగా నాన్న బస్సెక్కి, డ్రైవరు భయ్యాకీ, పక్కింటి దీదీకీ, ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పేస్తున్నారు. "మన తెలుగుకి ఇంగ్లీషోళ్ళు పేరెట్టేరు, జెంటూ అని!" అంత మందిలో ఆయన్ని ఆపలేకపోయాను.

ఇంటికొచ్చాక ఆ మాటకి అర్థం చెప్పాను. సాయంత్రం ప్రార్థనలో నాన్న పాట ఎత్తుకోలేదు. దీనికి మాత్రం ఆ మనిషిని క్షమించలేను. వచ్చే ఆదివారం తెలుగులోనే పాడతాను, ఎవరు ఆపుతారో...

ఇందాక నాన్న మంచం మీంచి పిలిచారు.

"బస్సులో అందరికీ సెప్పేసేనే అమ్మా. ఇప్పుడేటి సెయ్యాలి?"