ఊయల ముందరి కెమెరా

జనగామ, 14 జులై, ఆదివారం.

రేపు కోడలు సునీతతో మాట్లాడేటప్పుడు ఏదీ దాచకూడదని ఇప్పుడే రాసుకుంటున్నాను.

పనిమనిషి పసివాణ్ణి సరిగా చూస్తుందో లేదో అని ఊయల ముందర కెమెరా పెట్టించింది నేనే. సునీత వద్దంది. ఈ రోజు మా అమ్మాయి కూతురు శ్రావ్య తన ల్యాప్‌టాప్‌లో మా వైఫై మీద ఏమేం పోతున్నాయో గంటసేపు గమనించింది.

"నేను దేన్నీ ముట్టలే అమ్మమ్మా, ఊకె చూసిన. కెమెరా బొమ్మలు తాళం లేకుండ పోతున్నయ్, గీ వైఫై ఉన్నోళ్లు ఎవరన్న చూడొచ్చు. అందరి మీద నిఘా పెడ్తవ్, పైన కిరాయికుండెటోళ్లకు గిదే వైఫై ఇస్తివి!"

"ఎవరన్న చూసిన్రా?"

"గది నాకు తెల్వది."

సునీత బిడ్డకు పాలిచ్చేది అక్కడే.

1. కెమెరా తీసేయాలి. తీసేశాను.
2. కిరాయిదారులకు వేరే వైఫై పెట్టించాలి.
3. సునీతకు నేనే చెప్పాలి. ఎవరూ చూడలేదని మాత్రం అనకూడదు.