జాక్సన్‌లో మామయ్యగారి అనుమానం

అక్కా, నా కోడిగీతల రాతకీ తప్పులకీ నవ్వకు. అందరం బాగున్నాం.

నిన్న నీ మరిది మమ్మల్ని జాక్సన్ తీసుకెళ్ళారు. ఈ దేశంలో బానిసత్వం వద్దన్నవాళ్ళు నూటయాభై ఏళ్ళ కిందట అక్కడ చెట్ల కింద చేరి కొత్త పార్టీ పెట్టారట. హాలు చాలనంత జనం వచ్చారంటే మామయ్యగారు నమ్మక కొడుకుని నిలదీశారు.

“లారీలెవరు పెట్టార్రా ఫణీ? బిర్యానీ పొట్లాలెవరిచ్చారు? టిక్కెట్టు రానివాళ్ళ పనే అయ్యుంటుంది.”

“మనుషుల్ని అమ్ముతుంటే చూడలేక వచ్చారు మామయ్యగారూ” అనేశాను. ‘పిరికిది, దానికి డ్రైవింగెందుకు’ అని ఆర్నెల్లుగా నాకు అడ్డుపడుతున్నది ఆయనే. ఇంటి దగ్గర దిగి, “పిరికిది కాదురా, కారు నేర్పించు” అన్నారు!

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చేవాళ్ళతో గోంగూర పచ్చడి పంపు. పిల్లలకు ముద్దులు.

చదవగానే కార్డు పొయ్యిలో వెయ్యి, మామగారికి ఎదురు చెప్పానని నాన్న బెంగపడతాడు. పోస్టుమాన్ ఈపాటికే చదివుంటే, ఊళ్ళో చెప్పొద్దని బతిమాలు.

నీ చెల్లెలు స్రవంతి