స్టీరింగ్ మీద ఎర్ర టేపు

వదినా,

తాతగారి కారు తీస్తే, స్టీరింగ్ వంకరగా ఉందనిపించినా సరిచెయ్యకండి. దాని మీద ఎర్ర టేపు అంటించాను. అది సరిగ్గా పైన నడిమధ్యకి వస్తేనే చక్రాలు తిన్నగా ఉన్నట్టు.

పొద్దున ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలేసి చూశాను. బండి గీత గీసినట్టు పోయింది, స్టీరింగ్ మాత్రం పక్కకి వాలి ఉంది. చక్రాల తప్పు కాదు, మీ తప్పు అంతకన్నా కాదు. హారన్ బాగుచేసినప్పుడు స్టీరింగ్ ఊడదీసి, మళ్ళీ పెట్టేటప్పుడు లోపలి పళ్ళలో ఒక పన్ను పక్కకి బిగించింది నేనే. నిన్న పక్కన కూర్చుని "స్టీరింగ్ సమంగా పట్టుకోండి" అని అరిచిందీ నేనే. నా మాట విన్నందుకే గేటుకు గుద్దారు. పైగా అందరి ముందూ "అంత గేటూ కనబడలేదా వదినా?" అని పగలబడి నవ్వాను.

మీకు మొహం చూపించలేక చెప్పకుండా పోతున్నా. సాయంత్రం వచ్చి సరిగ్గా బిగిస్తా.

మీ మరిది

మరిచాను. ఈ చీటీ ఫ్రిజ్ మీంచి తీయకండి. నిన్న నాతోపాటు నవ్విన వాళ్ళంతా చదవాలి.